మేనల్లుడి కంటికి ఆనని ఫోన్

కల్ముర్జా తాత ఫోన్ మాంసం చారులో పడి చచ్చిపోయింది. ఎలా పడిందని ఎవరైనా అడిగితే తాత ఇప్పటికీ ఆవిరిని తిడతాడు. పొయ్యి మీద కాగుతున్న పెద్ద కళాయి ముందు ఆవిరికి కళ్లు కనిపించలేదంటాడు. ఆవిరి మాట దేవుడెరుగు, అతిథులు రాకముందే గొర్రె తోక కొవ్వు ముక్క ఒకటి గుట్టుగా నోట్లో వేసుకుందామని ఆయన వంగిన సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. వంగినప్పుడు చొక్కా జేబులోంచి ఫోన్ జారింది. బురుల్చా నాయనమ్మ గరిటెతో దాన్ని పైకి తీసేసరికి బంగాళాదుంపలతో పాటు ఉడికిపోయింది.

“ఏమైనా మిగిలిందా?” అన్నాడు తాత, నోట్లో ముక్క ఇంకా మింగకుండానే.

“ఉప్పు చాలలేదు” అంది నాయనమ్మ.

అతిథులు వచ్చారు, చారు తాగారు, బాగుందన్నారు. సిమ్ కార్డును నాయనమ్మ తుడిచి పొయ్యి గట్టు మీద ఆరబెట్టింది.

ఫోన్ పోయినందుకు మామూలుగా అయితే తాత సంతోషించేవాడే. సర్పంచి మీటింగుకు రమ్మని పిలవడు, వియ్యంకుడు పలకరించడు, నెల్లాళ్లు హాయి. కానీ ఆ ఫోన్‌లో టోరూ ఉన్నాడు.

టోరూ తాత మందకు పెద్ద మగగుర్రం. ఎర్రటి ఒళ్లు, నల్లటి జూలు, తాత లాగే ఎవరి మాటా వినని తత్వం. పదకొండు ఆడగుర్రాలనూ వాటి పిల్లలనూ వెంటేసుకుని, తనకు బుద్ధి పుట్టిన కొండకు పోతుంటాడు. కిందటేడాది రాజధాని బిష్కెక్ నుంచి ఒక కుర్రాడు వచ్చి కాపరులకు మెడపట్టీలు అమ్మాడు. పట్టీ గుర్రం మెడకు కడితే, గుర్రం ఎక్కడుందో ఫోన్‌లో కొండల బొమ్మ మీద పచ్చ చుక్కగా కనిపిస్తుంది. “ఆండ్రాయిడ్ ఫోన్ అయితేనే వస్తుంది తాతా. ఆపిల్ ఫోన్‌కు ఈ యాప్ నేనింకా చేయలేదు, అంత స్తోమత లేదు” అన్నాడు కుర్రాడు. ఇంకా ఏదో చెప్పాడు గానీ అప్పటికే తాత పట్టీ పట్టుకుని టోరూ వెంట పరుగెడుతున్నాడు.

ఆ మంద ఊరికే వచ్చింది కాదు. పాత రోజుల్లో తాత ఉమ్మడి వ్యవసాయ క్షేత్రంలో గుర్రాల కాపరి. క్షేత్రం చెదిరిపోయి ఎవరి వాటా వాళ్లకు పంచినప్పుడు ఆయన వాటాకు ఒంటికన్ను ఆడగుర్రం, ఒక జీను, కార్యాలయం గోడ గడియారం వచ్చాయి. ట్రాక్టర్ వచ్చినవాళ్లు నవ్వారు. ట్రాక్టర్ పిల్లల్ని పెట్టదు కదా. ఆ ఒంటికన్ను గుర్రం పిల్లలూ, ఆ పిల్లల పిల్లలూ కలిసి ఈనాటి మంద. వేసవిలో వాటి పాలు, శరదృతువులో అమ్మిన ఒకటి రెండు పిల్లలు, వాటితోనే చలికాలం బొగ్గూ పిండీ బూట్లూ మందులూ. మంద లేకపోతే ఆ ఇంటికి ఇంకో దారి లేదు.

చారు కాచిన మర్నాడు మంద ఉప్పు నాకడానికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. తాత చీకటి విడకముందే ఇంటి దగ్గరుండే స్వారీ గుర్రానికి జీను వేసుకుని దక్షిణపు లోయలన్నీ గాలించాడు. ఒకచోట మెత్తటి మట్టిలో తోడేళ్ల అడుగులు కనిపించాయి. అవీ కొత్తవి. మే నెల, గడ్డి అప్పుడే మొలుస్తోంది. పుట్టి వారం కూడా కాని పిల్లలు నాలుగు ఉన్నాయి మందలో, ఇంకొక ఆడగుర్రం నేడో రేపో ఈనేలా ఉంది. పడమట ఆకాశం బూడిదరంగు గొంగడి కప్పుకుంది. సాయంత్రానికి మంచు పడుతుందని రేడియో చెప్పక్కర్లేదు, తాత మోకాలే చెప్పింది.

“పట్టీ ఛార్జింగ్ ఎంతుంది?” అంది నాయనమ్మ.

తాత గుర్రం దిగుతూ గొణిగాడు. చారులో పడ్డ రోజు పొద్దున్నే ఫోన్‌లో ఎర్రగీత చూశాడు. రేపు ఛార్జింగ్ పెడదాంలే అనుకున్నాడు. ఆ రేపు నిన్ననే అయిపోయింది.

“అంటే ఇవాళ చూడకపోతే ఇక కనిపించదు. నరీన్ పట్నం పోయి ఫోన్ కొను. గొర్రెపోతును అమ్మిన డబ్బు ఉందిగా, మొత్తం తీసుకెళ్లు. ఎవరి టాక్సీ దొరికితే అది ఎక్కు.”

ఆ పూట ఊళ్లో ఒక్క టాక్సీనే ఉంది. అది తలాంత్‌ది.

తలాంత్ తాత మేనల్లుడు. చనిపోయిన అక్క కల్బుబూ కొడుకు. ముప్పై దాటినా చిన్నపిల్లాడి నవ్వు, పిలిస్తే పలికే మనిషి. అతన్ని చూస్తే తాత గుండె మాత్రం లయ తప్పుతుంది. మేనమామ గడప దాటి లోపలికొచ్చి మేనల్లుడు ఏదైనా కావాలని వేలుపెట్టి చూపిస్తే, కాదనే మేనమామ ఆ కొండల్లో ఇంకా పుట్టలేదు. తలాంత్ చూపించడంలో ఆరితేరినవాడు. పదేళ్లప్పుడు వేటకుక్కను చూపించాడు. పెళ్లికి జీనును చూపించాడు. ఒకసారి టీ తాగడానికొచ్చి గోడ గడియారాన్ని చూపించాడు. ఇంకోసారి పాడుతున్న రేడియోను పాడుతుండగానే చంకలో పెట్టుకుపోయాడు, వార్తలు సగంలో ఆగిపోయాయి. గుర్రప్పిల్లను మాత్రం ఇంతవరకూ చూపించలేదు. అదే తాతకు అసలు భయం. తలాంత్ వస్తున్నాడని తెలిస్తే చాలు, పిల్లల్ని గుట్ట వెనక్కి తోలిస్తాడు.

కాబట్టి టాక్సీ ఎక్కేటప్పుడే తాత ఒకటి గట్టిగా అనుకున్నాడు. మంద తప్పిపోయిందని గానీ, ఫోన్ దేనికో గానీ, వీడి దగ్గర నోరు జారకూడదు.

“గుర్రాలెలా ఉన్నాయి మామయ్యా?” అన్నాడు తలాంత్ మొదటి మలుపులోనే.

“ఏ గుర్రాలు?”

“మీ గుర్రాలే.”

“గుర్రాల్లాగే ఉన్నాయి.”

“ఈ ఏడాది పిల్లలెన్ని?”

“అన్నీ వట్టిపోయాయిరా. రోడ్డు చూసి నడుపు.”

తలాంత్ ముందరి అద్దానికి ఆనించి పెట్టిన తన ఫోన్‌లో పాట మార్చాడు. పెద్ద ఫోన్, కొత్తది. “చారులో పడిందట కదా మీది. అత్తయ్య చెప్పింది. ఫోన్ లేక ఏదైనా అర్జంటు పని ఆగిపోతే చెప్పండి, నా దాంట్లో చూద్దాం.”

తాత కిటికీలోంచి బయటికి చూశాడు. మంద జాడ వీడి ఫోన్‌లో పెట్టడమంటే కొట్టు తాళాలు వీడి చేతికిచ్చి, నీకేం కావాలో తీరిగ్గా ఎంచుకో నాయనా అన్నట్టే. “అర్జంటు పనులేం లేవు. ముసలాడికి అర్జంటు ఏముంటుంది?” అన్నాడు. కొండల మీద గొంగడి ఇంకాస్త కిందికి దిగింది.

నరీన్ బజారులో మెట్ల కింద అద్దాల పెట్టె లాంటి కొట్టు ఐచురోక్‌ది. నడివయసు మనిషి, ఒక చేతిలో టీ గిన్నె, ఇంకో చేతిలో చిన్న స్క్రూడ్రైవర్.

“ఫోన్ దేనికి తాతా?” అంది.

తాత వెనక్కి చూశాడు. తలాంత్ భుజం మీద నుంచి తొంగి చూస్తున్నాడు.

“మాట్లాడ్డానికి.”

“మాట్లాడ్డానికే అయితే బటన్ల ఫోన్ చాలు. చవక.”

“బటన్లది వద్దు. బొమ్మలు కనిపించాలి.”

“ఏం బొమ్మలు?”

“కొండలూ... వాగులూ... అలాంటివి.”

“చూశావా అక్కా,” అన్నాడు తలాంత్, “ఇంటి ముందు కొండలు, ఇంటి వెనక కొండలు, మా మామయ్యకు జేబులో కూడా కొండలు కావాలట!”

ఐచురోక్ నవ్వి రెండు ఫోన్లు తీసి గాజు మీద పెట్టింది. మొదటిది ఆపిల్. రెండు చేతులు మారినా నిగనిగలాడుతోంది. “డబ్బు కొంచెం తగ్గితే మిగతాది నెలనెలా ఇవ్వొచ్చు తాతా. పట్టుకుంటే పెద్దమనిషి ఫోన్.”

“తీసుకోండి మామయ్యా,” అన్నాడు తలాంత్. “పెళ్లి భోజనంలో వియ్యంకుడు తనది బల్ల మీద పెడతాడు చూడండి, పక్కనే మీదీ పెడితే ఆయనకు ముద్ద దిగదు.”

ఆ మాటకు తాత మనసు ఒక్క క్షణం లొంగింది. వియ్యంకుడికి ముద్ద దిగకపోవడం ఆయనకు ఎంతో ఇష్టమైన దృశ్యం. కానీ బిష్కెక్ కుర్రాడి మాట గుర్తుంది, ఆపిల్‌లో టోరూ కనిపించడు. కనిపించినా ఇంత అందమైన వస్తువు తన ఇంట్లో ఎన్ని రోజులుంటుంది? తలాంత్ ఒక్కసారి టీకి వస్తే చాలు.

“వద్దమ్మా. దీన్ని జేబులో వేసుకుంటే నాకు నిద్రపట్టదు.”

రెండోది పెట్టెలో ఉన్న కొత్త ఆండ్రాయిడ్. గొర్రెపోతు డబ్బుకు అతికినట్టు సరిపోయే ధర. “ఆండ్రాయిడ్‌లో ఇది కొత్త రకం తాతా. ఏ యాప్ వేసినా నడుస్తుంది, నాలుగేళ్లు చూసుకోనక్కర్లేదు” అంది ఐచురోక్. తాత చెయ్యి చాచాడు. ఆయన చెయ్యి చేరేలోపే ఫోన్ తలాంత్ చేతిలో ఉంది.

“అబ్బ, ఎంత తేలిగ్గా ఉందో! తెర చూడండి మామయ్యా. నా దానికంటే బాగుంది.” తలాంత్ దాన్ని వెలుగులో అటూ ఇటూ తిప్పాడు.

తాత ఫోన్‌ను చూడలేదు, మేనల్లుడి కళ్లను చూశాడు. రేడియో పోయిన రోజు ఆ కళ్లలో సరిగ్గా ఇదే మెరుపు. చాచిన చెయ్యి మెల్లగా వెనక్కి వచ్చి గడ్డం గోక్కుంది.

“ఒరేయ్ తలాంత్, ఆకలేస్తోంది. మాంసం సమోసాలు నాలుగు పట్రా. వేడివి. ఆ మూలన ముసలమ్మ దగ్గర, ఇక్కడివి వద్దు.”

తలాంత్ అటు కదలగానే తాత గాజు మీదికి వంగి గొంతు తగ్గించాడు. “అమ్మా, త్వరగా. ఆండ్రాయిడ్‌లోనే ఎవరూ ఆశపడని ఫోన్ ఒకటి కావాలి.”

“ఎవరూ ఆశపడనిదా?”

“చూడగానే మొహం తిప్పుకోవాలి.”

ఐచురోక్ ముప్పైమంది మాటలు ఒకేసారి వినే మనిషి, అయినా ఆ మాటకు టీ గిన్నె కింద పెట్టింది. సొరుగు అడుగున వెతికి ఒకటి తీసింది. మూల పగిలింది, వీపుకు నల్ల టేపు, తెర మీద ఎవరి పిల్లాడో అంటించిన బొమ్మ.

“ఇది ఆండ్రాయిడేనా?”

“ఆండ్రాయిడే, కానీ బాగా పాతది తాతా. ఇందులో కొన్ని...”

“పాతదైతే మరీ మంచిది.”

“అది కాదు. మీరు ఏ యాప్ వాడతారో చెబితే, ఇందులో నడుస్తుందో లేదో...”

బజారు మధ్యలోంచి తలాంత్ ఈల వినబడింది. దగ్గరికి వస్తోంది. తాత డబ్బు గాజు మీద పెట్టి ఫోన్ లాక్కున్నంత పని చేశాడు. “మాటలొద్దు తల్లీ, ఇచ్చెయ్!”

తలాంత్ సమోసాలు ఇచ్చి ఫోన్ అందుకున్నాడు. “ఇదేంటి మామయ్యా? దీన్ని గుర్రం తొక్కిందా?”

గుర్రమన్న మాటకు తాతకు పొలమారింది.

తలాంత్ దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, చచ్చిన ఎలుకను ఇచ్చినట్టు, తిరిగి ఇచ్చేశాడు. జీవితంలో మేనల్లుడు తనంతట తాను వెనక్కిచ్చిన మొదటి వస్తువు అది. తాత దాన్ని గుండె జేబులో పెట్టుకుని దర్జాగా నడిచాడు. సగం డబ్బు మిగిలింది, ఫోన్ ఆండ్రాయిడ్, మేనల్లుడికి ఆశ లేదు. ఇంతకంటే తెలివిగా ఎవరు కొనగలరు?

ఆ దర్జా నరీన్ చివరి వంతెన దాకా నిలిచింది. సిమ్ కార్డు వేసేశాడు గానీ తలాంత్ పక్కన కూర్చుని యాప్ తెరవలేడు. కారేమో ఎత్తు ఎక్కలేక రొప్పుతోంది. కాసేపటికి ముందరి అద్దం మీద సన్నటి గింజల్లా ఏవో రాలాయి. తలాంత్ వైపర్ వేశాడు.

“మంచు మామయ్యా. మేలో మంచు! మంద ఎక్కడుంది, ఇంటి దగ్గరేనా?”

“దగ్గరే, దగ్గరే.”

“రాత్రికి గాలి కూడా లేస్తుందంటున్నారు. లేత పిల్లలుంటే చచ్చిపోతాయి. మీవి వట్టిపోయాయి కాబట్టి బతికిపోయారు.”

 నేడో రేపో ఈనే ఆడగుర్రం తాత కళ్ల ముందు కదిలింది. పట్టీలో ఎర్రగీత ఇంకా ఉందా, ఆరిపోయిందా? ఆరిపోతే ఈ మంచులో ఏ లోయ అని వెతకాలి? జేబులో ఫోన్ వేడి బొగ్గులా తగులుతోంది.

కనుమ మీదికి చేరేసరికి ఇంజన్ పొగ కక్కింది. తలాంత్ బండి ఆపి, డబ్బాతో నీళ్లు తీసి ఇంజన్ మూత ఎత్తాడు. కనుమ మీద ఫోన్ టవర్ ఉంది. ఇంతకంటే మంచి అదను దొరకదు. “కాళ్లు సాగదీసుకొస్తా” అని తాత ఒక బండ వెనక్కి పోయాడు.

వేళ్లు కొంకర్లు పోతున్నాయి. కిందటేడాది బిష్కెక్ కుర్రాడు నేర్పినట్టే యాప్ పేరు వెతికాడు, దొరికింది. గుర్రం తల బొమ్మ కనబడగానే ప్రాణం లేచొచ్చింది. నొక్కాడు. చక్రం తిరిగింది, తిరిగింది, ఆగింది. రష్యన్‌లో రెండు ముక్కలు వచ్చాయి. సైన్యంలో నేర్చుకున్న రష్యన్‌తో తాత పెదాలు కదుపుతూ చదివాడు. ఈ యాప్ మీ ఫోన్‌లో నడవదు. ఇంతకంటే కొత్త ఆండ్రాయిడ్ కావాలి.

మళ్లీ నొక్కాడు. మళ్లీ అదే. ఫోన్‌ను చొక్కాకు తుడిచి మళ్లీ నొక్కాడు, తుడిస్తే కొత్తదవుతుందేమోనని. అప్పుడు గుర్తొచ్చింది, టోరూ వెంట పరుగెడుతుంటే ఆ కుర్రాడు వెనక నుంచి అరిచిన మాట. “మరీ పాత ఆండ్రాయిడ్ కుదరదు తాతా!” ఇందాక ఐచురోక్ చెప్పబోయిందీ అదే.

వెనక్కి నరీన్ పోయి మార్చుకుందామంటే వచ్చిన దారంతా మళ్లీ దిగాలి. ఈలోగా బజారు మూసేస్తారు, చీకటి పడుతుంది. కింద లోయ సగం తెల్లబడిపోయింది. టోరూను చూపించగల ఫోన్ ఈ కనుమ మీద ఒక్కటే ఉంది. అది కారు అద్దానికి ఆనుకుని పాట పాడుతోంది.

మేనల్లుడు అడుగుతాడు, మేనమామ ఇస్తాడు. నీళ్లు కిందికి పారినట్టు అది అటే పోవాలి. మేనమామే చెయ్యి చాచడం తాత తన డెబ్బై ఏళ్లలో వినలేదు. బండ వెనక ఆయన ఎంతసేపు నిలబడ్డాడంటే తెల్ల టోపీ మీద ఇంకో తెల్ల టోపీ పేరుకుంది.

“మామయ్యా! ఏమైంది, కడుపు బాలేదా?” అని తలాంత్ కేకేశాడు.

తాత బయటికొచ్చాడు. కారు దగ్గరికి వచ్చి, మేనల్లుడి మొహం చూడకుండా ఇంజన్‌తో చెప్పుకున్నట్టు చెప్పాడు. “మంద రెండు రోజులుగా కనబడటం లేదు. టోరూ మెడలో పట్టీ ఉంది. నీ ఫోన్ కావాలి నాకు.”

తలాంత్ చేతిలో డబ్బా అలాగే ఉండిపోయింది. “రెండు రోజులుగానా? పొద్దుట్నుంచి నా పక్కనే కూర్చుని గుర్రాలు గుర్రాల్లాగే ఉన్నాయన్నారే!”

“అన్నాను.”

“బజారులో ఒక్క మాట చెబితే అయిదు నిమిషాల పని కదా! నన్ను దొంగ అనుకున్నారా మామయ్యా?”

“దొంగవైతే ఇంత భయమెందుకురా? దొంగకైతే కుక్కను కట్టుకుంటాను. మేనల్లుడికి ఏం కట్టుకోను? ఆ కుక్కను కూడా నువ్వే పట్టుకుపోయావ్!”

తలాంత్‌కు కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. రెండిట్లో ఏది ముందో తెలియక ఇంజన్ మూత దబ్బున వేశాడు. “ఎక్కండి. యాప్ పేరు చెప్పండి.”

ఈసారి చక్రం తిరిగి ఆగి, గుర్రం తల తెరంతా నిండింది. నంబరు అడిగింది. తాత నంబరు కొట్టగానే రహస్య అంకెలు తాత సిమ్‌కు వచ్చాయి. పగిలిన ఫోన్ కుయ్‌మంది. “అదొక్కటి వచ్చు దీనికి” అన్నాడు తలాంత్, అంకెలు చూసి కొడుతూ.

కొండలు వచ్చాయి. వాగులు వచ్చాయి. చివరికి చుక్క వచ్చింది. పచ్చగా లేదు, ఎర్రగా కొట్టుకుంటోంది. తాత వెతికిన దక్షిణపు లోయల్లో కాదు, ఉత్తరాన, కిజిల్-బెల్ అనే చోట, కాపరుల పాత చలికాలపు మకాం దగ్గర.

“అక్కడికెందుకు పోయాడు వీడు?” అన్నాడు తలాంత్.

తాత ఎర్రచుక్క మీదే చూపు నిలిపి అన్నాడు. “గాలి తగలని గోడ అక్కడొక్కటే ఉంది. ఒంటికన్నుది ఈనింది ఆ గోడ పక్కనే. అమ్మను చూసి పిల్ల, పిల్లను చూసి పిల్ల, అలా నేర్చుకుని ఉంటాయి. నాకు తట్టలేదు.”  ఆ మకాంలోనే అక్క కల్బుబూ ఆయన్ను వీపున కట్టుకుని పిడకలు ఏరేది. అక్క పోయాక ఆయన అటువైపు పోవడం మానేశాడు, గుర్రాల కోసమైనా.

బండి దారి దిగి గడ్డిలో పడింది. బురదలో రెండుసార్లు కూరుకుపోయింది, మూడోసారి లేవలేదు. దిగి నడిచారు. మంచు అడ్డంగా కొడుతోంది. తలాంత్ ఫోన్‌ను కోటు లోపల వెచ్చగా దాచుకుని, పదేపదే తీసి చూస్తున్నాడు. వాగు దాటాక ఉన్నట్టుండి ఆగిపోయాడు.

“పోయింది మామయ్యా. చుక్క పోయింది.”

“పోయేముందు ఎక్కడుంది?”

“గోడకు ఇటు పక్కన.”

“అయితే పద. గోడ ఎక్కడికీ పోదు.”

గోడకు కొంచెం దూరంలో అడుగులు కనిపించాయి. గిట్టలవి కావు. గోడ చుట్టూ ఒక పూర్తి చుట్టు తిరిగి, మళ్లీ తిరిగి, మంచులో ఇంకా పూడకుండా ఉన్నాయి. తలాంత్ తాతకు దగ్గరగా జరిగాడు. తాత నేల మీంచి రాయి తీసుకున్నాడు, ఆ రాయితో ఏం చేస్తాడో ఆయనకే తెలియదు. గాలి ఒక్క క్షణం ఆగినప్పుడు గోడ అవతల నుంచి ఎవరో గట్టిగా ముక్కు చీదిన చప్పుడు వచ్చింది.

గోడ కూలిన సందులో టోరూ అడ్డంగా నిలబడి ఉన్నాడు. భుజం మీద రక్తం గడ్డకట్టింది. మనుషుల్ని చూసి చెవులు వెనక్కి విరిచి, ముందు కాలు ఎత్తి నేలను కొట్టాడు. తలాంత్ రెండడుగులు వెనక్కి వేశాడు. తాత రాయి పారేసి, ఉప్పు పెట్టేటప్పుడు వేసే ఈల వేశాడు. చలికి పెదాలు కుదరక అది ఈలలా లేదు, గాలి పోయిన బంతిలా ఉంది. అయినా టోరూ కాలు దించాడు.

“ఒరే గాడిద కొడకా,” అన్నాడు తాత టోరూ మెడ కౌగిలించుకుని, “రెండు రోజులురా, రెండు రోజులు! చెప్పిపోతే నీ సొమ్మేం పోయింది?” తిట్టు మీద తిట్టు పోతోంది, గొంతు మాత్రం తిట్టేవాడిలా లేదు. కళ్లలో నీళ్లకు ఈసారి ఆవిరి కూడా లేదు పాపం నెపం వేయడానికి.

లోపల ఆడగుర్రాలు ఒకదానికొకటి ఒత్తుకుని నిలబడ్డాయి, వాటి కాళ్ల మధ్య నాలుగు పిల్లలు. తాత వేలుపెట్టి ఆడగుర్రాలను లెక్కపెట్టాడు. ఒకటి తగ్గింది. మళ్లీ లెక్కపెట్టాడు. గోడ మూలన ఆ ఒక్కటీ పడుకుని ఉంది. దాని పక్కన మంచులో ఏదో తడిసిన గుడ్డలా కదిలింది.

తాత కంటే ముందు తలాంత్ మోకాళ్ల మీద పడ్డాడు. కోటు విప్పాడు, స్వెటర్ కూడా విప్పాడు, పిల్లను దాంట్లో చుట్టి రుద్దడం మొదలెట్టాడు. “ఊపిరుంది మామయ్యా! చెవులు చల్లబడ్డాయి గానీ ఊపిరుంది. మీరు తల్లిని లేపండి!”

తల్లి లేచింది. పిల్లను పొదుగు కింద పట్టుకున్నారు. మొదటిసారి మూతి జారింది, రెండోసారీ జారింది, మూడోసారి పట్టుకుంది. చప్పుడు చేస్తూ తాగుతుంటే ఇద్దరూ వంగి చూశారు.

“అన్నీ వట్టిపోయాయన్నారు” అన్నాడు తలాంత్.

“ఇది ఇప్పుడే పుట్టింది. నాకేం తెలుసు?”

“ఆ నాలుగు?”

తాత ఆ నాలుగింటినీ మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. “పక్కూరివేమో.”

తలాంత్ పళ్లు టకటక కొట్టుకుంటుంటే నవ్వాడు. వేలు ఎత్తి దేన్నీ చూపించలేదు. రెండు చేతులూ పిల్ల చుట్టూనే ఉన్నాయి. వేలు ఎప్పుడు లేస్తుందా అని తాత చూశాడు. లేవలేదు. అది తాతను ఇంకా ఇబ్బంది పెట్టింది.

“ఒరేయ్, అది నీది” అన్నాడు చివరికి, పన్ను పీకించుకున్నవాడిలా.

“నేనడగలేదు మామయ్యా.”

“అడిగితే ఎవడైనా ఇస్తాడు. అడక్కముందే ఇచ్చానని ఊళ్లో చెప్పు, అందరికీ చెప్పు. మా వియ్యంకుడికి ముందు చెప్పు. పాలు మానేదాకా మాత్రం నా దగ్గరే.”

“ఎప్పుడు మానుతుంది?”

“దాని ఇష్టం. తల్లి పాలు, మనమెవరం మధ్యలో?”

“శరదృతువుకు వచ్చి తోలుకుపోతా. అప్పుడు గుట్ట వెనక దాచారంటే అత్తయ్యకు చెబుతా” అంటూ తలాంత్ పిల్లను భుజాల మీదికి ఎత్తుకున్నాడు. “రేపు పొద్దున్నే మళ్లీ నరీన్ పోదాం. ఆ పగిలినదాన్ని ఇచ్చేసి, మిగిలిన డబ్బు వేసి పెట్టెలో ఉన్నది తెచ్చుకోండి. కొట్లో నోరు విప్పి దేనికో చెప్పండి. ఆ ఫోన్ జోలికి నేను రాను, అమ్మ మీద ఒట్టు.”

అక్క మీద ఒట్టు పెట్టాక తాతకు నమ్మక తప్పలేదు.

పిల్ల వెంట తల్లి కదిలింది, తల్లి వెంట మంద, అన్నిటి వెనక టోరూ. కిందనున్న ఇంకో మకాంలో కప్పు నిలిచిన కొట్టం ఉంది, వెలుతురు పోకముందే మందను అక్కడ చేర్చి ఇంటికి పోవాలి. సగం దూరంలో తాత జేబులో పగిలిన ఫోన్ మోగింది. నాయనమ్మ.

“దొరికాయా?” అంది. ఊపిరి బిగబట్టి అడిగిందని ఇక్కడికే వినబడింది.

“దొరికాయి. అన్నీ. ఒకటి ఎక్కువే ఉంది.”

అవతల నాయనమ్మ ముక్కు తుడుచుకున్న చప్పుడు వచ్చింది. అప్పుడు అడిగింది. “ఇంతకీ ఏ ఫోన్ కొన్నావు?”

“ఆండ్రాయిడ్.”

“పనిచేస్తోందా?”

తాత ముందుకు చూశాడు. పలచటి చొక్కాతో, మెడ చుట్టూ గుర్రప్పిల్ల కాళ్లు వేలాడుతుంటే, మంచులో జారుతూ, తనలో తనే పాట పాడుకుంటూ తలాంత్ నడుస్తున్నాడు.

“బ్రహ్మాండంగా పనిచేస్తోంది,” అన్నాడు తాత. “కాస్త చలికి వణుకుతోంది, అంతే. గొర్రెతోలు కోటు పొయ్యి దగ్గర వెచ్చబెట్టి ఉంచు.”